తనఖా

మా పైడమ్మత్త బుగ్గల మీద
ఎండి బీటలిచ్చిన పసుపు పూత.
చందనమా అని అడుగుతారు అత్తో తినడానికొచ్చే కాలేజీ పిల్లలు.
తనఖా, అంటుంది.
బర్మా చెట్టు పేరది. తమిళ పిల్లలు తలూపి తింటారు.
తెలుగొచ్చిన నేను మాత్రం ప్రతిసారీ
ఏం కుదువ పెట్టిందో అని ఆ ముఖంలోకి చూస్తాను.

అరవై నాలుగులో, రంగం రేవులో
తొమ్మిదేళ్ళ పిల్ల చెవులు తడిమి
కమ్మలు తీసుకున్నారు.
మూటలో జానెడు కట్టె ముక్క దొరికితే
వాసన చూసి వెనక్కిచ్చేశారు.
మద్రాసులో ఎవరో అరిచారట:
"మీ దేశం వచ్చేసింది, దిగండి!"
పుట్టిన దేశం వెనకుంటే
ముందున్నది తనదెలా అయిందో తెలియక
ఇంకో ఓడ ఎక్కాలేమోనని
మూడు రోజులు మూట విప్పలేదు.

బీచ్ స్టేషన్ ఎదురుగా బండి.
దాని మీద మా నాన్న రాసిన బర్మా అక్షరాలు,
గుండ్రంగా, తెలుగనుకుని చదవబోయి ఆగిపోయేలా.
నూడుల్స్, చింతపండు పులుసు, వేయించిన ఉల్లిపాయ
చేత్తోనే కలుపుతుంది. పక్కన వేడి అరటిదూట చారు.
రేటు తమిళంలో చెబుతుంది.
చిల్లర బర్మాలో లెక్కపెడుతుంది.
చెయ్యి కాలితే మాత్రం "ఓలమ్మో" అంటుంది
తను ఎన్నడూ చూడని టెక్కలి యాసలో.

ఒకసారి తిరుపతి నుంచి తిరిగెళ్తూ
ఆ వైపు చుట్టాలు దిగారు మా వ్యాసర్పాడి ఇంట్లో.
"మా ముసిల్దాని మాటలివి!
ఆవిడతోనే కాలిపోయాయనుకున్నాం" అంటూ
ఫోన్లో రికార్డు చేసుకున్నారు.
అత్త ఆ పూట ఇంకేం మాట్లాడలేదు.
టీ ఇచ్చింది.

పోయిన కార్తీకం వానల్లో వచ్చాడు జా లిన్.
గొడుగు లేదు, చంకలో స్కాన్ కవరు.
గ్రీమ్స్ రోడ్డు ఆసుపత్రిలో వాళ్ళమ్మ.
"ఠమిన్ సా పీబీలా?"
అన్నం తిన్నావా అని అడిగింది అత్త.
వాడు ఏడుస్తాడనుకున్నాను, నవ్వాడు.
తర్వాత బస్సులో చెప్పింది నాకు:
డెబ్బై ఏళ్ళ మనిషి నోట్లో
బడి మానేసిన పిల్ల మాటలున్నాయన్నాడట.

మర్నాడు ఆసుపత్రికెళ్ళింది, చెయ్యి కడుక్కుని, పూత పూసుకుని.
డాక్టరు తమిళంలో చెప్పిన గుండె జబ్బుకి
ఆమె బర్మాలో మాట లేదు.
తొమ్మిదేళ్ళకి ఎంత తెలుస్తుంది?
"నీ లోపల వాన కాలవ పూడుకుపోయిందట,
సన్న పుల్లతో పొడుస్తారట" అంది.
నాలుగు రోజులుగా సంతకం పెట్టనన్న తల్లి
పక్కమీద లేచి కూర్చుని
కాగితం ఎక్కడా అని అడిగింది.

ఆ సాయంత్రమే కానిస్టేబుల్ బండి తియ్యమన్నాడు.
అప్పుడు చూడాలి!
అతని తాత ఇక్కడ ఎవరికి మామూలిచ్చాడో,
ఈ మూలన ఏ ఏడు నీళ్ళెంత లోతు నిలిచాయో
మెరీనా దాకా వినిపించేలా తమిళంలో దులిపేసింది.
అన్నిటికంటే ఆలస్యంగా నేర్చిన ఆ భాషలోనే
మా అత్తకి తన వయసు తనకుంది,
మోకాళ్ళ నొప్పితో సహా.

వెళ్ళేముందు జా లిన్ కొత్త కట్టె తెచ్చిచ్చాడు, మోచేతంత.
పాతది బొటనవేలంత మిగిలింది ఇంట్లో సానరాయి మీద.
కొత్తదాన్ని వాసన చూసింది.
చాలాసేపు చూసింది.
వెనక్కివ్వలేదు, వాడలేదు,
"నువ్వుంచుకో గుంటా" అని నా సంచిలో పడేసింది.

అప్పుడు చెప్పాను, ఇన్నాళ్ళూ దాచిన మాట:
అత్తా, మన తెలుగులో తనఖా అంటే
అప్పుకి ఉన్నది తాకట్టు పెట్టడం.

నూడుల్స్ కలుపుతున్న చెయ్యి ఆగింది.
తాంబరం లోకల్ కూత వేసి కదిలింది.
"అలాగేటి?" అంది.
ఉల్లిపాయ ఇంకో పిడికెడు జల్లి,
"మరి గడువెంతటే?"